రేకుల షెడ్డు ఎవరిది?

అరసవల్లిలో మా ఇంటి ముందు ఒక రేకుల షెడ్డు ఉంది. పన్నెండు అడుగుల వెడల్పు, పద్ధెనిమిది అడుగుల పొడవు. శ్రీకాకుళం నుంచి సూర్యనారాయణస్వామి గుడికి వచ్చే రోడ్డు మీంచి ఒక సందులోకి తిరిగితే కనిపిస్తుంది. దాని కింద మా నాన్న ఇరవై ఆరేళ్లు, ఆ తర్వాత మా తమ్ముడు పన్నెండేళ్లు స్కూటర్లు, మోటారు సైకిళ్లు బాగుచేశారు. 2021 మే నెలలో కోవిడ్‌తో తమ్ముడు పోయాడు. నాలుగు నెలలు షెడ్డుకి తాళం పడింది. అయిదో నెలలో మా మరదలు ఆ తాళం తీసి తనే పానా పట్టుకుని కూర్చుంది. ఆ రోజు మొదలైన గొడవ మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. ఈ వ్యాసానికి కారణం ఆ గొడవే.

సొంత ఇంటి సంగతి పత్రికకెక్కించడం ఏమిటని మా అన్నయ్య అడుగుతాడు. నేను ఇరవై ఏళ్లుగా పరాయివాళ్ల ఇళ్లలోకి వెళ్లి, వాళ్ల గొడవలు అడిగి రాసుకుని, వాటితోనే డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని. నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి నోరు కట్టేసుకుంటే అది వాళ్ల బతుకుల మీద బతకడం అవుతుంది తప్ప పరిశోధన అవదు.

ముందు ఆ షెడ్డు గురించి చెప్పాలి. నాన్న దాన్ని 1983లో వేశాడు. నా చిన్నప్పుడు అందులో ఎక్కువగా లూనాలు, బజాజ్ చేతక్‌లు ఉండేవి. అవి టూస్ట్రోక్ బళ్లు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేవాళ్లు, కొన్నాళ్లకి సైలెన్సర్‌లో మసి గడ్డకట్టి బండి ఈడ్చుకుంటూ వచ్చేది. ఆ మసి గీకేది అమ్మ. ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దేది అమ్మ. కార్బొరేటర్ విప్పి జెట్లు పెట్రోల్లో నానబెట్టి, ఒక్కోదాన్నీ వెలుతురుకి పట్టుకుని చూసి నోటితో ఊదేది అమ్మ. నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు వెతికేది, ఎవరు ఎంత బాకీయో గోడ మీద బొగ్గుతో రాసేది, షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్లిద్దరికి అన్నం పెట్టేది కూడా అమ్మే. నాన్న ఇంజను దించేవాడు, బిగించేవాడు, స్టార్ట్ చేసి చెవి పెట్టి వినేవాడు, డబ్బులు తీసుకునేవాడు. ఊళ్లో అందరికీ ఆయన మెకానిక్. ఆవిడ మెకానిక్ గారి భార్య.

దసరాకి పానాలు, సుత్తులు, జాకీ అన్నీ కిరసనాయిలుతో కడిగి తుడిచి, పీట మీద పేర్చి పసుపు కుంకుమలు పెట్టడానికి అమ్మకి సగం రోజు పట్టేది. కొబ్బరికాయ కొట్టడానికి నాన్నకి అర నిమిషం. ఈ పోలిక అప్పట్లో నాకు తట్టలేదు. పదమూడేళ్ల పిల్లని, కొబ్బరిముక్క కోసం ఎదురుచూసేదాన్ని.

ఆ వయసులోనే, 1991లో, మా ఇంటికి జనాభా లెక్కలవాళ్లు వచ్చారు. ఆ సంవత్సరపు జనాభా లెక్కలకి స్త్రీల శ్రమ చరిత్రలో ఒక ప్రత్యేకత ఉంది. స్త్రీలు చేసే పని లెక్కలోకి రావడం లేదని ఎన్నో ఏళ్లుగా అడిగినందువల్ల, 'మీరు ఏదైనా పని చేశారా' అన్న ప్రశ్న పక్కన 'పొలంలో గాని కుటుంబ వ్యాపారంలో గాని జీతం లేకుండా చేసిన పనితో సహా' అని మొదటిసారిగా చేర్చారు. అంటే సరిగ్గా మా అమ్మలాంటి వాళ్ల కోసమే చేర్చారు. వచ్చిన మాస్టారు ఆ ప్రశ్న నాన్నని అడిగాడు. "ఆవిడ ఇంట్లోనే ఉంటాది" అన్నాడు నాన్న. అమ్మ అప్పుడు షెడ్డులో బ్రేకు షూలు కడుగుతోంది, ఆ మాస్టారికి నాలుగడుగుల దూరంలో. ఆయన తల ఎత్తి చూడలేదు. నాన్న అబద్ధం ఆడాడని నేను అనుకోను. షెడ్డు ఇంట్లోనే ఉంది గదా!

ఈ 'ఇంట్లోనే' అన్న మాట గురించి మరియా మీస్ నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చర్చించింది. విదేశాలకి ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తూ కూడా ఆ స్త్రీలు ఇంట్లో తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్కకొచ్చారు. వ్యాపారం, డబ్బు, పేరు మగవాళ్ల దగ్గర చేరాయి. ఆవిడ దాన్ని గృహిణీకరణ అంది. అందుకే ఇంటి దగ్గర పెట్టుకునే వ్యాపారాలంటే మనలో చాలామందికి అనుమానం. స్త్రీలు ఇంటి పట్టునే ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు అనే మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. 'ఇంటి పట్టునే' అంటే వంటా, పిల్లలూ, ముసలివాళ్లూ ఎక్కడివక్కడే ఉంటారు, వాటి మీద ఇంకో పని వచ్చి కూర్చుంటుంది అని అర్థం. 2019లో కేంద్ర గణాంక శాఖ చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆ పనిచేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే కొద్దిమంది మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. అయిదు గంటలు అలా పోయాక మిగిలిన పొద్దులోనే 'స్వయం ఉపాధి' జరగాలి.

అయినా లేసుకీ షెడ్డుకీ తేడా ఉందని మా మరదల్ని చూశాక నాకనిపిస్తోంది. లేసు ఇంటి లోపలి గదిలో అల్లుతారు. కొనేవాడి మొహం అల్లేవాళ్లు చూడరు. షెడ్డు ఇంటి ముందు, వీధివైపు ఉంటుంది. బండి తెచ్చినవాడు మెకానిక్‌తో మాట్లాడాలి, జబ్బు చెప్పాలి, బేరం ఆడాలి, డబ్బు ఆ చేతిలోనే పెట్టాలి. ఇంటికీ వీధికీ మధ్య మనకి గీసిన గీత సరిగ్గా ఆ షెడ్డు మధ్యలోంచి పోతుంది. గొడవ వచ్చింది కూడా అందుకే. అమ్మ గీతకి ఇవతల కూర్చుని ముప్పై ఏళ్లు పనిచేస్తే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మరదలు అదే పని గీతకి అవతల కూర్చుని చేస్తే ఇంటి పరువు పోయింది.

ఆమె కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. పెళ్లయి వచ్చిన మర్నెల్లోనే అమ్మ పక్కన కూర్చుంది. క్లచ్ ప్లేట్లు మార్చడం, చైను స్ప్రాకెట్లు వెయ్యడం, టాపెట్లు సెట్ చెయ్యడం తమ్ముడి పక్కన ఉండి నేర్చింది. ఇంజను శబ్దం విని టైమింగ్ చైను వదులైందో, టాపెట్ కొట్టుకుంటోందో చెప్పగలదు. తమ్ముడు స్పేరు పార్టుల కోసం శ్రీకాకుళం బజారుకి వెళ్లిన పూటల్లో బళ్లన్నీ ఆమే చూసేది. అయితే తమ్ముడు బతికున్నన్నాళ్లు అది 'సాయం'. అదే పని, అవే చేతులు. ఆయన పోయాక అది 'వ్యాపారం' అయింది. అప్పుడందరికీ ప్రశ్నలు పుట్టాయి.

మొదటి నెల్లో ఒకాయన బండి స్టాండు వేసి షెడ్డు లోపలికి తొంగి చూసి, "మగోళ్లు ఎవుల్లేరేటమ్మా?" అని అడిగాడట. "లేరు బాబూ. బండికేటైందో సెప్పండి" అందట ఈమె. ఆయన కొంచెంసేపు నిలబడి, సాయంత్రం వస్తానని వెళ్లిపోయాడు. నిజంగానే సాయంత్రం వచ్చాడు, పక్క సందులో మెకానిక్ దుకాణం ఆ రోజు మూసి ఉండడం వల్ల. ఇప్పుడు ఆయన బండి ఇక్కడికే వస్తుంది. ఇంకొందరు వేరే రకం. "నువ్వు ఝాన్సీరాణివమ్మా" అంటూ మెచ్చుకుని, బిల్లులో యాభై తగ్గించమంటారు. మరదలికి మొదటి రకమే నయం.

పత్రికలవాళ్లు రెండో రకానికి చెందుతారు. మొన్న ఒకతను ఫోటో తీసుకుంటానని వచ్చాడు, 'జిల్లాలో మొట్టమొదటి మహిళా మెకానిక్' అని రాస్తాడట. ఢిల్లీ సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లో లారీ టైర్లు విప్పే శాంతిదేవిని 'మొట్టమొదటి' అన్నారు. 2020, 21లలో కొత్తగూడెం ప్రాంతంలో భర్తతో కలిసి లారీలకి పనిచేసే ఒకామెనీ 'మొట్టమొదటి' అన్నారు. ఇండోర్‌లో సమాన్ అనే సంస్థ స్త్రీలకి టూవీలర్ పని నేర్పి, స్త్రీలే నడిపే గ్యారేజీలు పెట్టిస్తే వాళ్లకీ అదే మాట. ఎప్పుడూ ఎవరో ఒకరు మొట్టమొదటి వాళ్లే అవుతుంటే, అంతకు ముందు చేసినవాళ్లంతా ఏమయ్యారు? 1888లో కారనే బండి ఇంకా ప్రయోగంగా ఉన్న రోజుల్లో, బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు నడిపింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. అరిగిపోయిన బ్రేకుకి చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. మొదటి దూరప్రయాణంతోపాటు మొదటి రోడ్డు పక్క రిపేరు కూడా ఒక స్త్రీదే. కారు మీద పేరు మాత్రం భర్తది. మా అమ్మ జెట్లు ఊదిన ముప్పై ఏళ్లలో ఎవరూ ఫోటో తియ్యలేదు గనక మా మరదలు మొట్టమొదటిది అయింది! ఆ కుర్రాడిని అమ్మ ఫోటో కూడా తియ్యమన్నాను. ఆవిడ చేతులు చూసి, "ఈవిడ ఏం చేస్తారండీ?" అని అడిగాడు.

ఆ చేతుల గురించి కూడా చెప్పాలి. పెట్రోల్లో ముంచీ ముంచీ అమ్మ వేళ్ల చివర్లు చలికాలంలో పగిలి రక్తం కారేవి. వంటిల్లు షెడ్డుకి పది అడుగుల దూరం. ఆ వాసనలోనే మేం అన్నాలు తిన్నాం. ఇంటి గ్యారేజీని పొగిడేవాళ్లు ఈ ముక్క చెప్పరు. ఫ్యాక్టరీలో అయితే కనీసం కాగితం మీదైనా చేతి తొడుగులు ఇవ్వాలన్న చట్టం ఉంది. ఇంట్లో పనిచేసే మనిషికి యజమానీ తనే, ఇన్‌స్పెక్టరూ తనే. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు, కుటుంబ వ్యాపారంలో బడి అయ్యాక 'సాయం' చేస్తే మాత్రం తప్పులేదన్నారు. మళ్లీ అదే మాట, సాయం. అప్పటికి బడిలో ఉన్న మేనకోడలు ఇప్పుడు ఇంటరు చదువుతోంది. సాయంత్రాలు తల్లికి పానాలు అందిస్తుంది. నా ముందు తరంలో మా అమ్మ అందించింది. ఈ పిల్ల అందించడం దగ్గరే ఆగిపోకూడదని తల్లి పట్టుదల. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్లు. అందులో చేర్పిద్దామంటే, ఆడపిల్లని ఆ క్లాసులో ఎలా కూర్చోబెడతామని బంధువులు. కుట్టుపని, బ్యూటీ పార్లరు అయితే ఎవరూ ఏమీ అనేవారు కారు.

ఇక్కడొక సంగతి గమనించాలి. మన ఊళ్లలో మెకానిక్కులు ఎక్కువమంది ఐటీఐలోంచి రారు, షెడ్డులోంచి వస్తారు. పదీ పన్నెండేళ్ల మగపిల్లవాణ్ని తీసుకొచ్చి షెడ్డులో వదిలేస్తారు. వాడు మొదటి ఏడాది టీలు తెస్తాడు, రెండో ఏడాది పంక్చర్లు వేస్తాడు, తిట్లూ దెబ్బలూ తింటూ అయిదారేళ్లలో పనివాడవుతాడు. పిల్లలకి అది మంచి పద్ధతి అనడం లేదు, ముమ్మాటికీ కాదు. కానీ నైపుణ్యం చేతులు మారే దారి అదొక్కటే. ఆ దారిలో ఆడపిల్లకి చోటు లేదు. ఆమె ఆ పని నేర్చుకోగలిగే షెడ్డు ప్రపంచంలో ఒక్కటే, తన ఇంటిది. అందుకే స్త్రీలు ఈ పనిలో కనిపించే చోటల్లా తండ్రో భర్తో ముందు అందులో ఉండి ఉంటారు. వాళ్లు నేర్చిన విద్యకి కాగితం లేదు. పనిలో నేర్చుకున్నదానికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. మెకానిక్కుల భార్యల్ని వెతికి పట్టుకుని ఆ పరీక్షకి కూర్చోబెట్టే పని మహిళా సంఘాలు ఎందుకు పెట్టుకోకూడదు?

ఇక షెడ్డు ఎవరిదన్న ప్రశ్నకి వస్తాను. ఇందులో నా తప్పు ఉంది.

నాన్న 2009లో వీలునామా రాయకుండా పోయాడు. ఇల్లు ఆయన స్వార్జితం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమాన వాటాలు. అంటే అమ్మ, అన్నయ్య, నేను, తమ్ముడు నలుగురికీ తలా నాలుగోవంతు. 2010లో అన్నయ్య ఒక కాగితం తెచ్చాడు, నా హక్కు సోదరులిద్దరికీ వదులుకుంటున్నట్టు. నాకు ఉద్యోగం ఉంది, పుట్టింటికి వస్తూ పోతూ ఉండాలి, ఆస్తి దగ్గర మొహాలు మాడ్చుకోవడం ఎందుకు అనుకున్నాను. సంతకం పెట్టాను. ఆ ఏడాదే నేను ఒక సదస్సులో, మన రాష్ట్రంలో ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చిన 1986 సవరణ గురించి, దేశమంతటికీ అది 2005లో వచ్చినా చెల్లెళ్ల చేత విడుదల పత్రాలు రాయించుకునే ఆచారం ఎలా సాగుతోందో చెప్పాను. చప్పట్లు కొట్టారు. రిజిస్ట్రారు ఆఫీసులో నేను వేలిముద్ర వేసిన సంగతి అక్కడ చెప్పలేదు.

ఇప్పుడు లెక్క ఇలా ఉంది. నా వాటా పోగా అన్నయ్యకి ఎనిమిదింట మూడు వంతులు, తమ్ముడికి మూడు, అమ్మకి రెండు. తమ్ముడు పోయాక వాడి మూడు వంతులూ భార్యకి ఒకటి, కూతురికి ఒకటి, తల్లికి ఒకటి. కొడుకు ఆస్తిలో తల్లికి కూడా వాటా ఉంటుందని చాలామందికి తెలియదు. కాబట్టి ఎనిమిది వంతుల్లో అయిదు వంతులు ఆ ఇంట్లో ఉంటున్న ముగ్గురు ఆడవాళ్లవి. మాట మాత్రం విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న మూడు వంతుల మనిషిది.

అన్నయ్య దుర్మార్గుడు కాదు. తమ్ముడి ఆస్పత్రి ఖర్చులో సగం ఆయనే పెట్టుకున్నాడు. ఆయన వాదన ఇది: ఆదివారాలు గుడికి వచ్చే జనం చూస్తూనే ఉన్నాం, 2025లో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగ చేశాక ఈ సందుల్లో గజం చోటుకి కూడా గిరాకీ వచ్చింది, షెడ్డుని పూజసామాన్ల దుకాణానికి అద్దెకిస్తే నెలనెలా డబ్బు వస్తుంది, అందులో మరదలికీ భాగం ఇస్తాను, ఒళ్లంతా నల్లగా చేసుకుని వీధిలో కూర్చోవలసిన ఖర్మ ఏమిటి? వినడానికి దయగానే ఉంది. కానీ అద్దె డబ్బులో భాగం ఇంకొకరి చేతిలోంచి రావాలి. షెడ్డులో డబ్బు ఆమె చేతికే వస్తుంది. తేడా ఆయనకి కనిపించదు.

అమ్మ మొదట అన్నయ్య వైపే ఉంది. నాకది పెద్ద దెబ్బ. "ఆ గ్రీజు నాతోనే పోనియ్యి. పిల్లకి ఎందుకది?" అంది. ఆవిడకి ఆ పని గౌరవం ఇవ్వలేదు, పగిలిన వేళ్లు ఇచ్చింది. తను పొందినదాన్నే చూసి మాట్లాడింది. సిద్ధాంతం చదువుకున్న నేను దాన్ని తప్పు చైతన్యం అని కొట్టిపారెయ్యబోయాను. మరదలు మాత్రం ఏమీ అనలేదు. ఒక రోజు అమ్మని పీట వేసి కూర్చోబెట్టి, స్టార్టు కాని పాత బండి ఒకటి ముందు పెట్టి, "అత్తా, మీరే సూడండి, నాకు తెలవట్లేదు" అందట. ఆమెకి తెలియకపోవడమేమిటి! అమ్మ కార్బొరేటర్ విప్పింది. ఆ పనికి మరదలు అమ్మ చేతిలో రెండు వందలు పెట్టింది. ఆ ఇంట్లో మెకానిక్ పనికి అమ్మ కూలీ తీసుకోవడం అదే మొదలు. ఆ తర్వాత ఆవిడ అన్నయ్యకి ఫోన్లో ఏం చెప్పిందో నాకు తెలియదు గానీ, షెడ్డు అద్దె మాట కొన్నాళ్లు వినపడలేదు.

బ్యాంకులో ఇంకో కథ. ముద్రా పథకం 2015 నుంచీ ఉంది. యాభై వేల దాకా శిశు, అయిదు లక్షల దాకా కిశోర్, తనఖా అవసరం లేదు. రెండు లక్షలకి వెళ్లింది. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. తనఖా అడగలేదు, స్థలం ఎవరిదో రుజువు అడిగాడు. ఉమ్మడి ఇల్లు గనక హక్కుదారులందరి సమ్మతి పత్రం కావాలన్నాడు. "మీ బావగారిని ఒకసారి రమ్మనండి" అని కూడా అన్నాడు. ఇంటి ముందు వేరే వాణిజ్య మీటరు పెట్టించుకోవడానికి కరెంటాఫీసులోనూ ఇదే. గృహహింస చట్టం 2005 ఉమ్మడి ఇంట్లో నివసించే హక్కుని స్త్రీకి ఇచ్చింది. అత్తమామల ఇల్లయినా సరే అని 2020లో సుప్రీంకోర్టు సతీష్ చందర్ అహూజా కేసులో చెప్పింది. మంచిదే. ఆ ఇంట్లో పడుకోవచ్చు, వండుకోవచ్చు. ఆ ఇంటి ముందు కూర్చుని బతుకుతెరువు చూసుకోవచ్చా అన్నదాని గురించి ఆ చట్టం ఏమీ అనదు. ఆమె హక్కుదారు గనక వారసత్వ చట్టం కింద సహవాటాదారుగా వాడుకునే హక్కు ఉంది. ఉమ్మడి వాటాదారుని వెళ్లగొట్టే హక్కు ఇంకో వాటాదారుకి లేదు. మైనరైన పిల్ల వాటాని కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికీ లేదు. కానీ బ్యాంకు కౌంటరు దగ్గర ఈ సెక్షన్లు పనిచెయ్యవు, సంతకాలు పనిచేస్తాయి.

చివరికి డబ్బు సంఘంలోంచి వచ్చింది. డ్వాక్రా పథకం 1999లోనే వేరే పథకంలో కలిసిపోయినా మా వైపు ఇప్పటికీ అది డ్వాక్రా సంఘమే. ఎనభై వేలు తీసుకుంది. గాలి కంప్రెసర్, ఒక ర్యాంపు, కొత్త పానాల సెట్టు, రెండు నెలల స్పేరు పార్టులు. సంఘంలో పదిమందీ పూచీ పడ్డారు. పూచీ పడ్డవాళ్లలో ఎవరికీ సొంత పేరున స్థలం లేదు, ఒకామెకి తప్ప. ఆమెది ప్రభుత్వం ఇచ్చిన పట్టా. 2020 డిసెంబరు నుంచి పట్టణాల్లో స్త్రీల పేరున ఒక సెంటు చొప్పున ఇచ్చారు. స్త్రీల పేరున ఇవ్వడం నిస్సందేహంగా ముందడుగు. అయితే సెంటంటే నలభై ఎనిమిది గజాలు. మా షెడ్డు ఒక్కటే ఇరవై నాలుగు గజాలు. మిగతా సగంలో ఇల్లు కట్టుకోవాలి. స్త్రీ అంటే వండుకుని పడుకునే మనిషి అనుకుని గీసిన కొలత అది. పని చేసుకునే చోటు ఆ ప్లానులో ఎవరూ ఊహించలేదు.

చేతివృత్తులవాళ్లకి 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలో పద్ధెనిమిది వృత్తులున్నాయి. కమ్మరి, వడ్రంగి, మంగలి, వల అల్లేవాళ్లు. మెకానిక్ అందులో లేడు, ఆడైనా మగైనా. అదలా ఉంచుదాం.

పనిలోనే ఇంకో మార్పు వచ్చింది. 2020 ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త బళ్లన్నీ బీఎస్ సిక్స్ ప్రమాణానికి మారాయి. వాటిలో కార్బొరేటర్ దాదాపుగా పోయింది. పెట్రోలు ఎంత చిమ్మాలో సెన్సర్లు చెబితే కంప్యూటరు నిర్ణయిస్తుంది. జబ్బు ఏమిటో తెలుసుకోవడానికి చెవి చాలదు, స్కానర్ కావాలి. అమ్మ జెట్లు ఊదిన విద్య పాత బళ్లున్నంతకాలమే. ఇక్కడ మా మరదలు చెప్పిన మాట నన్ను ఆలోచనలో పడేసింది. "ఇప్పుడు మగోళ్లకీ తెలీదు వదినా. అందరం ఒకటో క్లాసే" అంది. పదేళ్ల వయసునుంచి షెడ్డులో పెరిగిన మగవాడి ఆధిక్యత కొత్త బండి ముందు సగం తగ్గిపోయింది. తలుపు తెరుచుకుంది. కానీ ఆ తలుపుకి తాళాలు కంపెనీల దగ్గరున్నాయి. స్పేరు పార్టులూ, స్కానర్లూ, మరమ్మతు పుస్తకాలూ బయటి గ్యారేజీలకి దొరక్కుండా చేస్తున్నందుకు కాంపిటిషన్ కమిషన్ 2014లో పద్నాలుగు కార్ల కంపెనీలకి 2,544 కోట్ల జరిమానా వేసింది. 2022లో వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి. ఇదంతా వినియోగదారుడి హక్కుగానే చర్చకొస్తోంది. బాగుచేసే మనిషి హక్కుగా ఎవరూ మాట్లాడడం లేదు. అందులోనూ ఆ మనిషి స్త్రీ అయితే, కంపెనీ ట్రైనింగుకి పిలిచే జాబితాలో ఆమె పేరెక్కడుంటుంది?

సంఘాల సంగతి కూడా అంతే. బొంబాయి సినిమా పరిశ్రమలో మేకప్ పని మగవాళ్లది, స్త్రీలు జుట్టు దువ్వాలి తప్ప మేకప్ వెయ్యకూడదని అక్కడి యూనియను ఏళ్ల తరబడి కార్డులివ్వలేదు. చారు ఖురానా కేసులో 2014లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. మన ఊళ్లలో మెకానిక్కుల సంఘాలు స్త్రీలు వద్దని నియమం రాసుకోవలసిన అవసరం కూడా లేదు. ఎవరూ అడగరు గనక. మరదలు మొన్న అడిగింది. అడిగినప్పుడు వాళ్లు నవ్వారట, తర్వాత చందా పుస్తకం తీశారట. రశీదు మీద తమ్ముడి పేరు రాశారు. మార్పించుకుంది.

షెడ్డుకి ఇప్పుడు వచ్చేవాళ్లలో ఆడవాళ్లు బాగానే ఉన్నారు. టీచర్లు, ఏఎన్ఎంలు, కాలేజీ పిల్లలు. మా జిల్లా మగవాళ్లు చెన్నైకీ హైదరాబాదుకీ వలసపోయే జిల్లా. ఇంట్లో వదిలిపోయిన బండిని నడిపేది ఆడవాళ్లే. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకి సైకిలు నేర్పినప్పుడు వేలమంది నేర్చుకున్నారు. ఆ రోజుల్లోనే ఉత్తరప్రదేశ్ బాందా జిల్లాలో మహిళా సమాఖ్య చేతిపంపులు బాగుచెయ్యడం గ్రామీణ స్త్రీలకి నేర్పింది. నేర్చుకోలేరన్న మాట అప్పుడే తేలిపోయింది. బండి తొక్కడం నేర్పాం, బాగుచెయ్యడం ఎవరి చేతిలో పెట్టాం? ఒక టీచరమ్మ మా షెడ్డులో కూర్చుని, "ఇక్కడైతే బండి వైపు చూస్తారండీ" అంది. ఇంకేమీ వివరించలేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇలాంటి షెడ్డులున్నవాళ్లు ఉంటే, ముందు వాటాల లెక్క కట్టుకోమని నా మనవి. నాలాగా సంతకం పెట్టకండి. పెట్టమన్నవాళ్లు మంచివాళ్లయినా సరే.

మరదలు ఉద్యమ్ పోర్టల్లో తన పేరున రిజిస్టరు చేసుకుంది. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఆధారు, పాన్ చాలు. రెండున్నర కోట్ల పెట్టుబడి దాకా 'సూక్ష్మ' పరిశ్రమేనట, ఎనభై వేల కంప్రెసరు కూడా అందులోనే. కేటగిరీ చూసి ముగ్గురం నవ్వుకున్నాం. షెడ్డు బోర్డు మీద ఇంకా తమ్ముడి పేరే ఉంది, దాన్ని తీసెయ్యడానికి ఆమెకే మనసొప్పడం లేదు. బ్యాంకు కాగితం మీద అమ్మ సంతకం పెట్టింది, మరదలు పెట్టింది, మేనకోడలి తరఫున తల్లి పెట్టింది. నేను పెట్టడానికి నాకు గడి లేదు. అన్నయ్య గడి ఖాళీగా ఉంది. రథసప్తమికి వస్తానన్నాడు.